ముప్పై ఒకటో పళ్ళెం

ఆమె పోయిందన్న కబురు చేపలమ్మే ఆవిడ తెచ్చింది. ఆ మనిషి గిలకలదిండి రేవు నుంచి వారానికి రెండుసార్లు మా వీధికి వస్తుంది. నేను గుమ్మంలో కూర్చుని రొయ్యల కోసం పళ్ళెం చాపాను. వేస్తూ వేస్తూ చెప్పింది.

"మామ్మగారూ, మా రేవులో రొయ్యలు వలిచే అమ్మాయి పోయిందండీ. ఎడం చేత్తో కంచం నొక్కిపెట్టుకుని తింటదే, ఆవిడ. ఓసారి మీ ఇంటికి కూడా వచ్చిందంట కదా."

"ఏమైందట?"

"జ్వరమంటండీ. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎలా ఉందే అంటే బాగానే ఉందండీ అనేది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయింది."

"అలాగా" అన్నాను. ఆ తర్వాత, "ఇంకో రెండు వెయ్యి. ఇందులో అన్నీ తలకాయలే ఉన్నాయి" అన్నాను.

"చావు కబురు చెప్పినా మీకు రెండు రొయ్యలు ఎక్కువే పడాలి" అని సణుగుతూనే వేసింది. లోపలికి వచ్చి, పళ్ళెం గట్టు మీద పెట్టబోతూ చూసుకున్నాను. వెనక పక్క నా వేళ్ళకు గరుగ్గా తగిలింది. మేకుతో కొట్టిన అంకె. ముప్పై ఒకటి.

ఇది ఆమె పళ్ళెమే. ఇరవై ఏళ్ళకు పైగా నా ఇంట్లో ఉంది.

ఆమె పేరు నేను రాయను. మేమున్న చోట ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, నాతో సహా. అప్పుడు పిలవని పేరు ఇప్పుడు కాయితం మీద పెట్టడం ఎందుకు? నేను చదివింది మూడో తరగతి. మనవరాలి పాత నోటుపుస్తకంలో మిగిలిపోయిన కాయితాల మీద రాస్తున్నాను. అవి ఎంతవరకు వస్తే అంతవరకే రాస్తాను.

ఉప్పెన వచ్చి దివిసీమను ఊడ్చుకుపోయాక, తల్లీ తండ్రీ మిగలని పిల్లల కోసం దివిలో ఒక హోము పెట్టారు. మా ఆయన కూడా ఆ నీళ్ళలోనే పోయాడు. నాకు అక్కడ వంటపని దొరికింది. నలభై మంది పిల్లలు, నలభై సత్తు పళ్ళేలు. ఒక్కో పళ్ళెం వెనక ఒక్కో అంకె. పేర్లు గుర్తు పెట్టుకోవడం కష్టమని వార్డెన్ గారు అంకెతోనే పిలిచేవారు. "ముప్పై ఒకటీ, ఇటు రా. ముప్పై ఒకటీ, మోకాళ్ళ మీద కూర్చో." కొన్నాళ్ళకు పిల్లలు కూడా ఒకళ్ళనొకళ్ళు అలాగే పిలుచుకున్నారు. ఆటల్లో కూడా అంతే.

ముప్పై ఒకటి పల్లెపాలెం పిల్ల. వచ్చినప్పుడు ఆరేళ్ళుంటాయి. సన్నగా, నల్లగా, పెద్ద చెవులతో ఉండేది. ఎక్కువ మాట్లాడేది కాదు కానీ అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పేది. అదే వచ్చింది దాని మీదికి.

ఒకసారి హోము చూడటానికి ప్రభుత్వం నుంచి ఒకాయన వస్తున్నాడన్నారు. ఆ రోజు పప్పు, కూర, పిల్లకొక గుడ్డు వండించారు. మామూలు రోజుల్లో గంజీ, అందులోకి ఉప్పూ మిరపకాయా. బియ్యం తగ్గించి వండమని వార్డెన్ గారు చెప్పేవారు, తగ్గించి వండటంలో నేను గట్టిదాన్ని. "ఎవరేం అడిగినా బాగానే ఉందండీ అనాలి" అని రెండు రోజుల ముందునుంచే పిల్లల చేత వల్లె వేయించారు. వచ్చినాయన పుస్తకం తెరిచి, పెన్ను తీసి, వరసలో ఈ పిల్ల ముందు ఆగాడు.

"ఏం పాపా, రోజూ గుడ్డు పెడతారా?"

"లేదండీ. గంజి పోస్తారు."

ఆయన నవ్వాడు. వార్డెన్ గారూ నవ్వారు. ఆయన పుస్తకంలో ఏమీ రాయకుండానే పెన్ను మూసి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. జీపు గేటు దాటేదాకా వార్డెన్ గారు చెయ్యి ఊపారు. ఆ తర్వాత లోపలికి వచ్చి, ఆ పిల్ల చేతిలో ఉన్న పళ్ళెం మెల్లిగా తీసుకుని, ఎంగిలి దులిపి, దాంతోనే తల మీద కొట్టారు. ఒక్క దెబ్బ కాదు. పళ్ళెం సొట్టపడేదాకా కొట్టారు. ఎడం కనుబొమ్మ పైన చర్మం విడిపోయింది. నేను పసుపు పెట్టాను. చిటికెడే పెట్టాను. మచ్చ కూడా మిగలకుండా మానిపోయింది.

సొట్ట పడ్డ పళ్ళెం నేల మీద నిలవదు. ముద్ద కలిపినప్పుడల్లా టక్కు టక్కుమంటుంది. హోములో తినేటప్పుడు చప్పుడు కాకూడదని రూలు. చప్పుడైతే చింతబరికె. మొదటి వారం ఆ పిల్ల పూటపూటా దెబ్బలు తింది. రెండో వారం ఒక ఉపాయం కనిపెట్టింది. ఎడం చేతి బొటనవేలు పళ్ళెం అంచు మీద పెట్టి, నొక్కి పట్టుకుని, కుడి చేత్తో తినడం. చప్పుడు ఆగింది. అప్పటినుంచి ఎవరు ఏమడిగినా "బాగానే ఉందండీ" అనడం కూడా మొదలుపెట్టింది.

నా దగ్గర రోకలి ఉంది. వెనకనుంచి రెండు పోట్లు వేస్తే ఆ సొట్ట ఎంతో కొంత లేచేది. సామాను గదిలో అంకె కొట్టని పళ్ళేలు ఆరు ఖాళీగా పడి ఉన్నాయి. ఒకటి తీసి ఇవ్వొచ్చు. ఇవ్వలేదు. వార్డెన్ గారికి భయపడి ఇవ్వలేదని చెప్పుకుంటే బాగానే ఉంటుంది. అది కూడా కాదు. నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆరేళ్ళు రోజుకు రెండు పూటలా ఆ పళ్ళెంలో గంజి పోశాను, ఆ వేలికి తగలకుండా చూసుకుని మరీ పోశాను.

పన్నెండేళ్ళు రాగానే గుడివాడలో ఎవరింట్లోనో పాచిపనికి పంపేశారు. ఐదో తరగతి పాసైందని పుస్తకంలో రాసి పంపారు. ఆ పిల్లకు సంతకం పెట్టడం రాదు. తర్వాత మూడు నాలుగేళ్ళకు హోము మూతపడింది. పాత సామాను పెరట్లో కుప్ప పోస్తే నేను నాలుగు పళ్ళేలు సంచిలో వేసుకుని బందరు వచ్చేశాను. ఎవరినీ అడగలేదు. మిగతా మూడూ చిల్లులు పడి పోయాయి. ముప్పై ఒకటోది మాత్రం గంజి కుండ మీద మూతగా పనికొచ్చింది.

ఆమె మళ్ళీ నా గుమ్మంలోకి వచ్చేసరికి ముప్పై ఏళ్ళ మనిషి. చెవులే పట్టిచ్చాయి.

"వంట పెద్దమ్మా, నేను ముప్పై ఒకటిని."

"కూర్చో" అన్నాను.

గుమ్మానికి ఆనుకుని, వీధి కనపడేలా కూర్చుంది. లోపలికి రమ్మన్నా రాలేదు. వేళకు వచ్చిన మనిషి కాబట్టి అన్నం పెట్టాను. స్టీలు కంచం, అడుగు చదునుగా ఉంటుంది. తోసినా కదలదు. అయినా ఆమె ఎడం బొటనవేలు వెళ్ళి అంచు మీద కూర్చుంది. 

"చారులో ఉప్పు సరిపోయిందా?"

"బాగానే ఉందండీ."

ఆమె వెళ్ళిపోయాక నేను తిన్నాను. ఆ చారులో ఉప్పే వేయలేదు.

ఆమె వచ్చిన పని ఇదీ. హోములో పెరిగినవాళ్ళు కొందరు కలిసి కలెక్టరు గారికి అర్జీ పెట్టుకున్నారు. దాని మీద విచారణ చేయడానికి ఒక ఆఫీసరును వేశారు. ఆయన బందరు గెస్టుహౌసులో మూడు రోజులు కూర్చుంటాడు, ఆధారాలు ఉన్నవాళ్ళు తెచ్చుకోవాలని పేపర్లో పడింది. మళ్ళీ ఇంకో అవకాశం ఉండదని కూడా పడింది. హోము రికార్డులన్నీ చెదలు తినేశాయని వార్డెన్ గారు ముందే రాసిచ్చేశారు.

"నువ్వు చూశావు పెద్దమ్మా. వచ్చి చెప్తావా?"

నేను జవాబు చెప్పేలోగానే ఆమె చూపు కుండ మీదికి పోయింది. లేచి, మొదటిసారి లోపలికి వచ్చింది. మూత తీసి చేతిలోకి తీసుకుంది. వెనక్కి తిప్పి అంకె కూడా చూడలేదు. బొటనవేలు తిన్నగా పోయి ఒకచోట ఆగింది.

"ఇది నాది."

"నీదే. తీసుకెళ్తావా?"

"నేను తీసుకెళ్తే, ఎక్కడో కొని అంకె కొట్టించి తెచ్చానంటారు. నువ్వే తేవాలి. హోములో వంటామె తెచ్చిందంటే నమ్ముతారు."

"దీనివల్ల నీకేమొస్తుందే? ఏమన్నా ఇస్తారా?"

"ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. ఆయన కొట్టాడని గవర్నమెంటు కాయితం మీద పడాలి."

"పడితే?"

"అప్పుడు ఒకాయన గుడ్డు పెడతారా అని అడిగాడే, గుర్తుందా? పెన్ను తీశాడు. నేను చెప్పాను. రాయకుండా మూసేశాడు. ఈసారి రాస్తారంట పెద్దమ్మా."

వస్తానన్నాను. సొట్ట మాట ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే రోకలి మాట కూడా వస్తుంది.

విచారణ రెండు రోజుల్లో ఉందనగా వీధిలోకి మాట్లు వేసేవాడు వచ్చాడు. "సొట్టలు తీస్తాం, మాట్లు వేస్తాం" అని అరుస్తుంటే పిలిచాను. ఐదు గిన్నెలు తెచ్చి ముందు పడేశాను. బేరం తెగలేదు. చివరికి వాడే, "పోనీలెండి మామ్మగారూ, ఐదు చేయించుకుంటే ఆరోది ఉచితంగా చేస్తాను" అన్నాడు.

ఉచితంగా వచ్చేదాన్ని వదులుకోవడం నా ఒంట్లో లేదు. ఇల్లంతా చూశాను. సొట్ట ఉన్నది ఇంకొకటే. ఆఫీసర్ల ముందు పెట్టబోయే సామాను మసి పట్టి, సొట్ట పడి ఉంటే నా ఇంటికే సిగ్గు కదా అని కూడా అనిపించింది. తెచ్చి ఇచ్చాను.

"చూడు నాయనా, వెనక అంకె ఉంది. అంకె మీద దెబ్బ పడిందంటే ఊరుకోను. గుర్తు అదే."

"అంకెకేం కాదండీ, నాది పూచీ."

వాడు పనిమంతుడు. చెక్క సుత్తితో చిన్నగా కొడుతూ, తిప్పుతూ, కన్ను మూసి అంచు చూసుకుంటూ సరిచేశాడు. చింతపండూ బూడిదా వేసి తోమాను. పళ్ళెం కొత్తదానిలా వచ్చింది. అంకె చెక్కుచెదరలేదు. పాత గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాను. మంచి పని చేశాననుకున్నాను.

గెస్టుహౌసులో ఆఫీసరు కుర్రవాడే. చెడ్డవాడేమీ కాదు, ఫ్యాను తన వైపునుంచి మా వైపు తిప్పించాడు. వార్డెన్ గారికి వయసైపోయిందని కుర్చీ వేశారు. ఇస్త్రీ చొక్కా, చేతికర్ర. మేమిద్దరం నిలబడ్డాం. ఆయన మమ్మల్ని చూసి ముందుగా తనే పలకరించారు.

"ఏమ్మా, బాగున్నావా?"

"బాగానే ఉన్నానండీ" అనేసింది ఆమె. అనేశాక పెదవి కరుచుకుంది.

"విన్నారుగా" అన్నారు ఆయన ఆఫీసరుతో, నవ్వుతూ.

ఆఫీసరు ఆమెను అడిగాడు. "ఈయన నిన్ను కొట్టారంటున్నావు. ఆధారం ఏముందమ్మా?"

"పళ్ళెం ఉందండీ. ఇప్పటికీ ఉంది. దాంతోనే కొట్టారు. సొట్ట చూడండి, అది నా తల మీద పడ్డ సొట్టండీ."

ఆ మాట చెవిన పడ్డాక గానీ నాకు అర్థం కాలేదు. నా చెయ్యి సంచిలోనే ఉండిపోయింది.

"తియ్యి పెద్దమ్మా" అంది.

తీశాను. గుడ్డ విప్పి బల్ల మీద పెట్టాను. గదిలో అందరి మొహాలూ అందులో కనబడుతున్నాయి. ఆమె ఆఫీసరు వైపే చూస్తూ బొటనవేలు అంచు మీద వేసింది. వేలు ఎప్పటిచోటికే పోయింది. అక్కడ ఏమీ తగల్లేదు. కొంచెం పక్కకి జరిపింది. అంచంతా ఒక చుట్టు తిప్పింది. అప్పుడు కిందికి చూసింది. వెనక్కి తిప్పి అంకె చూసింది. అంకె ఉంది. మళ్ళీ ఇంకో చుట్టు తిప్పింది.

"ఏదమ్మా సొట్ట?"

"నేనే తీయించానండీ" అన్నాను.

"ఎందుకు?"

"ఐదింటికి ఒకటి ఉచితమన్నాడండీ."

గుమాస్తా ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు దాచుకోకుండా నవ్వారు. వార్డెన్ గారు నవ్వలేదు. నా వైపు జాలిగా చూశారు.

"ఈవిడ అప్పుడూ ఇంతేనండీ. పాపం, ఇల్లు గడవక హోము బియ్యం కొంగులో కట్టుకుపోయేది. తెలిసీ ఊరుకునేవాణ్ణి. ఈ పళ్ళెం ఎవర్ని అడిగి తెచ్చుకుందో కనుక్కోండి."

"అడిగి తెచ్చుకున్నావా?" అన్నాడు ఆఫీసరు.

"లేదండీ."

"బియ్యం?"

"పట్టుకెళ్ళానండీ." నిజం చెప్పడానికే వెళ్ళాను. అడిగినవన్నీ నిజమే చెప్పాను.

"ఈయన కొట్టడం నువ్వు చూశావా?"

"చూశానండీ. ఈ పళ్ళెంతోనే. రక్తం వస్తే పసుపు పెట్టింది నేనే."

"మరి ఇన్నేళ్ళూ ఎక్కడా చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదండీ."

అది కూడా నిజమే. కానీ ఆ గదిలో పెట్టి చూస్తే ఎంత చిన్నగా ఉందో ఆ నిజం! ఆఫీసరు చాలాసేపు రాశాడు. రాసింది గుమాస్తా చదివి వినిపించాడు. చూపిన వస్తువు మీద దెబ్బ తగిలిన గుర్తు కనిపించలేదు, ఆ వస్తువును అనుమతి లేకుండా తెచ్చుకున్నట్టు సాక్షి ఒప్పుకుంది, ఆరోపణకు తగిన ఆధారం చూపలేకపోయారు. ఇదీ దాని సారాంశం.

"కొట్టారని రాశారా అండీ?" అని అడిగింది ఆమె.

"కొట్టారని నువ్వు చెప్పినట్టు రాశాం."

"ఆయన కొట్టారని?"

"అలా ఎలా రాస్తామమ్మా? వేలిముద్ర వెయ్యి."

ఎడం చెయ్యి పట్టుకుని బొటనవేలు సిరాలో అద్దించాడు గుమాస్తా. రొయ్యలు వలిచి వలిచి ఆ వేలి మీద గీతలు అరిగిపోయాయి. ముద్ర సరిగ్గా పడలేదు. "గట్టిగా నొక్కమ్మా" అన్నాడు. ఆమె నొక్కింది. కాయితం కదలకుండా, బల్ల చప్పుడు కాకుండా నొక్కింది. "చాల్లే, తియ్యి" అన్నా కాసేపు తీయలేదు. ఆ వేలు అలా నొక్కడం ఆరేళ్ళు చూసినదాన్ని నేను. పళ్ళెం పోతే పోయింది, ఇదిగో ఈ వేలు చూడండి, అన్నం పెట్టి చూడండి, ఈ మనిషి ఎలా తింటుందో చూడండి అని ఆ గదిలో చెప్పగలిగిందాన్ని నేనొక్కదాన్నే. అది నాకు ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, పొయ్యి వెలిగించాక తట్టింది.

బస్టాండులో నాలుగు ఇడ్లీలు ఒకే ప్లేటులో చెప్పాను, ఇద్దరికీ కలిపి. ఆమె వేలు వెళ్ళి ప్లేటు అంచు మీద కూర్చుంది. సిరా మరక అంటింది.

"అది కదలదే. వేలు తియ్యి."

"తెలుసు పెద్దమ్మా." తీయలేదు.

తిన్నాక నా సంచిలోంచి పళ్ళెం తను తీసుకుంది. సిమెంటు గచ్చు మీద పెట్టి, ఒక అంచు వేలితో తట్టింది. కదల్లేదు. ఇంకో అంచు తట్టింది. చప్పుడే లేదు.

"బాగా తీశాడు" అంది.

నేను ఏదో అనబోయాను. మళ్ళీ అర్జీ పెడదామనో, ఇంకెవరినైనా అడుగుదామనో. ఆమె పళ్ళెం నా చేతికిచ్చింది.

"ఉంచుకో పెద్దమ్మా. ఇప్పుడైతే ఏ పిల్లకైనా పెట్టొచ్చు."

ఎత్తిపొడిచిందేమోనని మొహం చూశాను. అలాంటిదేమీ లేదు. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి, అడక్కుండానే చెప్పింది. ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నా గుమ్మంలోకి రాలేదు. గిలకలదిండి ఎంత దూరం? నేనూ పోలేదు.

ఆ నెలలోనే గుడివాడలో వార్డెన్ గారికి శాలువా కప్పారు. అనాథల పాలిట తండ్రి అని పేపర్లో ఫొటో వేశారు. ఆ పేపరు అలమారలో పరిచి, ఆయన మొహం మీద కందిపప్పు డబ్బా పెట్టాను. ఆయనకు నేను చేయగలిగింది అంతే. ఏడాది తిరక్కుండా ఆయన సుఖంగా, నిద్రలోనే పోయారని విన్నాను.

ఇవాళ రొయ్యలు వలిచి, పులుసు పెట్టి, పళ్ళెం కడిగాను. కడిగి గచ్చు మీద బోర్లించాను. మంచి పళ్ళెం, ఇంకో ఇరవై ఏళ్ళు వస్తుంది. ఉన్న వస్తువును చేతులారా పాడు చేసిన రోజు నా బతుకులో ఒక్కటి లేదు. అయినా రోకలి తెచ్చాను. ఆ సొట్ట మళ్ళీ పెట్టేద్దామనుకున్నాను. చూసేవాళ్ళు లేకపోయినా సరే, ఎక్కడ ఉండాల్సింది అక్కడ ఉంటుందనుకున్నాను.

రోకలి ఎత్తి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆరేళ్ళు రెండు పూటలా అందులో గంజి పోసినదాన్ని. అంతకు మూడింతలకు పైగా నా కుండ మీద మూతగా పెట్టుకున్నదాన్ని. పళ్ళెం ఇటు తిప్పాను, అటు తిప్పాను. ఆ సొట్ట ఏ పక్కన ఉండేదో నాకు గుర్తు లేదు.